కొత్త చేపను డామ్సెల్ బతకనివ్వడం లేదు: ఎందుకు, ఇప్పుడు ఏం చేయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 120 సెంటీమీటర్ల పొడవున్న 300 లీటర్ల సముద్రపు చేపల ట్యాంకులో ఏడాదిగా ఒక బ్లూ డామ్సెల్, ఒక క్లౌన్‌ఫిష్ జంట ఉన్నాయి. నాలుగు రోజుల క్రితం ఒక ఫైర్‌ఫిష్‌ను వేశారు. అప్పటి నుంచి డామ్సెల్ దాన్ని తరుముతూనే ఉంది. ఫైర్‌ఫిష్ నీటి పైభాగాన ఒక మూలకు చేరింది, తిండి ముట్టడం లేదు. పగడపు దిబ్బల మీద వేల చేపలు కలిసి బతుకుతుంటే ఇక్కడ ఈ గొడవేమిటి, దానంతటదే సర్దుకుంటుందా, ఇంకొన్ని చేపలు వేస్తే దాడి తగ్గుతుందా, తర్వాత ఎల్లో టాంగ్ అనే ఇంకో చేపను వేయవచ్చా అని అడిగారు.

ముందు చేయాల్సిన పని చెబుతాను, కారణాలు తర్వాత. ఫైర్‌ఫిష్‌ను ఈ రోజే వేరు చేయండి. పైకి తేలి మూలన ఉంది కాబట్టి వలకు సులువుగానే దొరుకుతుంది. హీటర్, ఎయిర్ పంపు పెట్టిన చిన్న తొట్టె ఒకటి సిద్ధం చేసి, ట్యాంకు నీళ్ళే పోసి అందులో వేయండి. దాక్కోవడానికి ఒక ప్లాస్టిక్ పైపు ముక్క ఉంచండి. తొట్టెకూ ట్యాంకుకూ మూత తప్పనిసరి. బెదిరిన ఫైర్‌ఫిష్ గాల్లోకి ఎగురుతుంది. తరిమే చేప ఉన్న ట్యాంకులో ఇవి చాలాసార్లు కాట్ల వల్ల కాదు, బయటికి దూకి చనిపోతాయి.

సర్దుకుంటుందా అన్న ప్రశ్నకు ఈ దశలో నా జవాబు సర్దుకోదనే. తరమడం చూసి నేను ఆ మాట అనడం లేదు. తరిమించుకున్న చేప ఎక్కడ ఆగిందో చూసి అంటున్నాను. ఫైర్‌ఫిష్‌కు రాళ్ళ మధ్య ఒక కన్నం దొరికి, డామ్సెల్ ఆ కన్నం దాకా వచ్చి వెనక్కి తిరిగి, తిండి వేసినప్పుడు ఫైర్‌ఫిష్ బయటికి వచ్చి నాలుగు మెతుకులు తిని మళ్ళీ దూరుతుంటే, వారం ఆగి చూడమనేవాడిని. ఫైర్‌ఫిష్ సహజంగా నేలకు దగ్గరగా, తన బొరియ మీద తేలుతూ, ప్రవాహానికి ఎదురుగా నిలబడి కొట్టుకొచ్చే చిన్న జీవులను ఏరుకునే చేప. అలాంటిది నీటి పైభాగానికి చేరిందంటే కింద దానికి అడుగు పెట్టే చోటు లేదని అర్థం.

ఇప్పుడు సముద్రం సంగతి. వేల చేపలు కలిసి బతుకుతాయన్నది దూరం నుంచి చూసినప్పుడు కనిపించే దృశ్యం. లోతు తక్కువున్న దిబ్బ మీద కదలకుండా తేలుతూ, ఒక్క డామ్సెల్‌ను ఎంచుకుని పది నిమిషాలు దాన్నే చూస్తే వేరే కథ కనిపిస్తుంది. అరచేతిలో పట్టేంత చేప. ఒకే పగడపు కొమ్మ చుట్టూ తిరుగుతుంటుంది. నాచు మీద ఒకచోట కొరుకుతుంది, నోట్లోది కొంత ఉమ్మేస్తుంది. తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ప్యారట్ ఫిష్ అటుగా వస్తే బాణంలా దూసుకెళ్ళి దాని పక్కటెముకల దగ్గర పొడుస్తుంది. ప్యారట్ ఫిష్ పక్కకు మళ్ళుతుంది. డామ్సెల్ ఇంకో మీటరు దూరం కూడా వెంటపడదు, తన కొమ్మ దగ్గరికి వచ్చేస్తుంది. మీరు చెయ్యి చాపితే మీ వేలినీ పొడుస్తుంది. ఈ తంతు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా నడుస్తూనే ఉంటుంది.

అంత కష్టం ఎందుకంటే, స్టెగాస్టెస్ అనే వర్గానికి చెందిన డామ్సెల్స్‌లో చాలావాటికి అక్కడ నిజంగా పంట ఉంటుంది. చేలో పశువులు పడితే రైతు ఎలా పరిగెత్తుకొస్తాడో ఇదీ అలాగే. అవి తమ హద్దులోని నాచును కాపాడతాయి, పనికిరాని నాచును నోటితో పీకి బయట పడేస్తాయి. జపాన్‌లోని ఒకినావా తీరంలో చేసిన పరిశోధనల్లో ఒక జాతి డామ్సెల్ తోటలో దాదాపు ఒకే రకం ఎర్ర నాచు కనిపించింది. మెత్తగా, ఆ చేపకు అరిగేలా ఉండే రకం అది. చేప కాపలా లేకపోతే మిగతా మేసే చేపలు దాన్ని నున్నగా గొరిగేస్తాయి. మధ్య అమెరికాలోని బెలీజ్ తీరంలో ఇంకో జాతి డామ్సెల్ తన తోటలో మైసిడ్ అనే సన్నటి రొయ్యల్లాంటి జీవుల గుంపులను ఉండనిస్తుందని 2020లో వెలువడిన పరిశోధన చూపింది. వాటిని తినడానికి వచ్చే చేపలను డామ్సెల్ తరుముతుంది, వాటి విసర్జన నాచుకు ఎరువవుతుంది. కరీబియన్‌లో త్రీస్పాట్ డామ్సెల్ అయితే బతికున్న పగడాన్ని కొరికి చంపి, ఆ చోట నాచు పెంచుతుంది. పగడపు దిబ్బల మీద ప్రేమ ఉన్నవాళ్ళకు ఇది మింగుడుపడదు కానీ, అదీ దిబ్బ బతుకులో భాగమే.

మీ బ్లూ డామ్సెల్ ఇలాంటి సాగుదారు కాదు. అది తన కన్నాన్నీ, దాని చుట్టూ దొరికే తిండినీ, జత కుదిరితే గుడ్లనూ కాపాడుకునే రకం. కానీ కుటుంబం ఒకటే, పట్టుదల ఒకటే.

ఎవరిని ఎంత దూరంలో అడ్డుకోవాలన్న లెక్క కూడా వీటికి ఉంటుంది. 1970లలో త్రీస్పాట్ డామ్సెల్ మీద చేసిన ప్రయోగాల్లో గాజు సీసాలో రకరకాల చేపలను పెట్టి, సీసాను కొంచెం కొంచెంగా దాని గూటి వైపు జరిపారు. సొంత జాతి చేపను అన్నిటికంటే ఎక్కువ దూరంలోనే అడ్డుకుంది. కొన్ని వేరే జాతులను బాగా దగ్గరికి వచ్చేదాకా పట్టించుకోలేదు. అంటే దాని ఇలాకాకు గోడలా ఒకే హద్దు లేదు. ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాల్లా, వచ్చేవాడిని బట్టి హద్దు మారుతుంది. సొంత జాతి వాడు గూడునూ జతనూ రెండింటినీ లాక్కోగలడు, నాచు మేసేవాడు తిండి మాత్రమే తింటాడు, పైన నీటిలో కొట్టుకొచ్చే చిన్న జీవులను ఏరుకునేవాడు ఏమీ తీసుకోడు. ట్యాంకులో ఏ చేప పక్కన ఏ చేపను వేయాలో ఆలోచించేటప్పుడు నాకు అన్నిటికంటే పనికొచ్చిన విషయం ఇదే.

కోన్రాడ్ లోరెంజ్ పేరు మీరు విని ఉండవచ్చు. జంతువుల ప్రవర్తన మీద చేసిన పనికి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న శాస్త్రవేత్త. పగడపు చేపల మెరిసే రంగులు సొంత జాతికి చూపే పోస్టర్లని, దాడి ముఖ్యంగా సొంత జాతి మీదే జరుగుతుందని ఆయన వాదించారు. అందులో నిజం ఉంది, కానీ అది పూర్తి నిజం కాదని తర్వాతి పరిశీలనల్లో తేలింది. డామ్సెల్స్ పదుల రకాల వేరే జాతులను కూడా తరుముతాయి. తిండి ఒకటైనా, గుడ్లు తినే అలవాటున్నా చాలు. అందుకే దుకాణంలో చెప్పే “వేరే జాతి కాబట్టి ఏం ఫర్వాలేదు” అన్న మాటను నమ్మకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్యారట్ ఫిష్ మళ్ళిపోయింది, డామ్సెల్ వెనక్కి వచ్చింది అన్నాను కదా. సముద్రంలో దాదాపు ప్రతి దాడీ అలాగే ముగుస్తుంది, ఎందుకంటే వచ్చినవాడు వెళ్ళిపోతాడు. వెళ్ళిపోవడమే ఓటమిని ఒప్పుకోవడం. ఇరుగుపొరుగుల మధ్య అయితే అంత కూడా అక్కర్లేదు. పక్క హద్దులో ఉన్న పాత చేపను గుర్తుపట్టి చూసీచూడనట్టు వదిలేయడం, కొత్తవాడి మీద విరుచుకుపడడం త్రీస్పాట్ డామ్సెల్‌లో కనిపించింది. బైకలర్ డామ్సెల్ మగవి పొరుగువాడి శబ్దాన్ని బట్టి కూడా గుర్తుపడతాయి. ఎవరి చోటు ఏదో తేలాక కొట్లాటకు పెద్దగా పనుండదు. ఇందులో డామ్సెల్ ఓడిపోయే రోజులూ ఉంటాయి. నలుపు చారల కాన్విక్ట్ టాంగ్‌లు పెద్ద మందగా వచ్చి తోట మీద వాలితే, అది రెండింటిని తరిమేలోపు మిగతావి మేసి వెళ్ళిపోతాయి. ఒంటరిగా వస్తే గడ్డిపోచ కూడా దక్కించుకోలేని చేపలు మందగా వచ్చి కడుపు నింపుకుంటాయి.

మీ ట్యాంకులో ఫైర్‌ఫిష్ ఎక్కడికి వెళ్తుంది? 120 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు అంటే నేల 0.6 చదరపు మీటరు. ఏడాది నుంచి ఆ మొత్తం డామ్సెల్ ఇలాకాయే. ఫైర్‌ఫిష్ ఎంత పారిపోయినా దాని కళ్ళ ముందే ఉంటుంది. డామ్సెల్ లెక్కలో వచ్చినవాడు ఇంకా పోలేదు, కాబట్టి తరమాలి. అది పగబట్టలేదు, దానికి పిచ్చీ పట్టలేదు. దిబ్బ మీద మూడు క్షణాల్లో ముగిసే పని మనం కట్టిన గాజు గోడల మధ్య ముగియడం లేదు, అంతే. ఆ ఒత్తిడికి చేప తిండి మానేస్తుంది, రంగు వెలిసిపోతుంది, మొప్పలు వేగంగా కొట్టుకుంటాయి, ఒంటి మీద తెల్లచుక్కల జబ్బు కూడా తొందరగా ముదురుతుంది. చాలామంది ఆ జబ్బుకు మందు వెతుకుతారు కానీ తరిమే చేపను చూడరు.

మీ క్లౌన్‌ఫిష్‌ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే తర్వాతి గొడవ అక్కడి నుంచే రావచ్చు. సముద్రంలో అనిమోన్ అనే పువ్వులాంటి జీవిలో కలిసి ఉండే క్లౌన్‌ఫిష్‌లలో అన్నిటికంటే పెద్దది ఆడది, రెండోది మగది, మిగతావి పిల్లలు కనని చిన్నవి, సైజు వరుసలో క్యూ కట్టి ఉంటాయి. పెద్దది పోతే మగది ఆడదిగా మారుతుంది, క్యూలో తర్వాతిది పైకి వస్తుంది. చిన్నవి తమ పైనున్న చేప సైజును మించకుండా ఎదుగుదలను అదుపులో పెట్టుకుంటాయి, ఎందుకంటే మించితే గెంటేస్తారు, అనిమోన్ బయట ఎక్కువసేపు బతకలేవు. మీ జంటలో చిన్నది పెద్దదాని ముందు పక్కకు వాలి వణికినట్టు కొట్టుకుంటే జబ్బని కంగారుపడకండి. అది లొంగుబాటు సైగ. దాన్ని చూసి పెద్దది ఆగిపోతుంది. అందుకే ఈ జంటకు మూడో క్లౌన్‌ఫిష్‌ను ఎప్పుడూ జోడించకండి. అవి గుడ్లు పెడితే, పొదిగే వారం పది రోజులు డామ్సెల్‌కే కాదు, మీ చేతికి కూడా కాట్లు తప్పవు.

గుడ్ల దగ్గర ఏ చేపా మామూలుగా ఉండదు. సార్జంట్ మేజర్ అనే చేపలో మగది గుడ్లు కాచే రోజుల్లో ముదురు నీలంగా మారి ఎదురొచ్చినవాళ్ళ మీదికి వస్తుంది. టైటన్ ట్రిగర్‌ఫిష్ ఇసుకలో గూడు చేసుకున్నప్పుడు దాని హద్దు కింద సన్నగా, పైకి పోయేకొద్దీ గరాటులా విశాలమవుతుంది. డైవర్లు భయపడి పైకి ఈదితే ఇంకా దాని హద్దులోనే ఉంటారు. పక్కకు ఈదాలి. ఈ సంగతి తెలియక గట్టి పళ్ళ కాటు తిన్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

దాడిని తప్పించుకునే ఉపాయాలు కూడా ఈ చేపలకు ఉన్నాయి. ఎంపరర్ ఏంజెల్ అనే చేప పిల్లను చూస్తే ముదురు నీలం మీద తెల్లటి వలయాలు, పెద్దదాన్ని చూస్తే పసుపు చారలు. ఒకప్పుడు పిల్లను వేరే జాతి అనుకుని వేరే పేరు కూడా పెట్టారు. రంగు వేరుగా ఉండడం వల్ల పెద్ద చేపలు పిల్లను పోటీదారుగా చూడవని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ట్యాంకులో ఆ పిల్ల రంగు మారే వయసులో హఠాత్తుగా గొడవలు మొదలైతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

దూకుడు లేకపోవడం ఎప్పుడూ శుభవార్త కాదన్నది కూడా చెప్పాలి. 2016లో సముద్రం వేడెక్కి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చనిపోయాయి. ఆ ముందూ తర్వాతా హిందూ, పసిఫిక్ మహాసముద్రాలు కలిసే ప్రాంతపు దిబ్బల మీద బటర్‌ఫ్లై చేపలను గమనించిన పరిశోధకులకు వాటి కొట్లాటలు మూడింట రెండొంతులు తగ్గినట్టు తేలింది. ఆ చేపలు పగడాలను తిని బతుకుతాయి. తిండి పోయాక కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు, కొట్లాడే ఓపికా లేదు. నాకు ఈ ఫలితం చదివినప్పుడు చాలా బాధ కలిగింది. హద్దు కోసం పోట్లాడే చేప అంటే పోట్లాడదగ్గ చోటు దానికి ఉందని అర్థం.

ఇప్పుడు మీ ట్యాంకులో ఏం చేయాలో వరుసగా చెబుతాను. ఫైర్‌ఫిష్ తొట్టెలో తిండి పట్టేదాకా ఆగండి. ఈలోగా డామ్సెల్‌ను పట్టుకోవాలి. వలతో వెంటపడకండి, రాళ్ళన్నీ కదిలి మిగతా చేపలు బెదురుతాయి. పారదర్శక ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తిరగేసి లోపలికి దూర్చి, అడుగున తిండి పెట్టి వదిలితే ఒకటి రెండు పూటల్లో తనే దూరుతుంది. పట్టుకున్నాక దాన్ని పది, పదిహేను రోజులు వేరే తొట్టెలో ఉంచండి.

ఆ సమయంలో రాళ్ళు మళ్ళీ పేర్చండి. ఇక్కడ కొంచెం ఓపిక పెట్టాలి. చాలా ట్యాంకుల్లో రాళ్ళన్నీ వెనక గోడకు ఆనించి ఒకే గుట్టగా ఉంటాయి. గుట్ట మీద నిలబడిన చేపకు ట్యాంకు మొత్తం కనిపిస్తుంది. దాన్ని రెండుగా విడదీసి, మధ్యలో ఇసుక ఖాళీ వదిలి, ఈ గుట్ట దగ్గరి నుంచి చూస్తే ఆ గుట్ట వెనక భాగం కనిపించకుండా పెట్టండి. కన్నాలకు రెండు వైపులా దారి ఉండాలి, ఒకే నోరున్న కన్నం చిన్న చేపకు బోనవుతుంది. ఫైర్‌ఫిష్ కోసం ఇసుకలో, రాయి అంచున వేలు దూరేంత కన్నాలు రెండు మూడు ఉంచండి. చూపు తెగితే చాలు, తరమడం సగం తగ్గుతుంది. అన్ని చిట్కాల్లోకీ నేను నమ్మేది దీన్నే.

ముందు ఫైర్‌ఫిష్‌ను ట్యాంకులోకి వదలండి, లైట్లు ఆర్పాక. అది కన్నం ఎంచుకుని, తిండికి ధైర్యంగా బయటికి వస్తున్నాక డామ్సెల్ వంతు. దాన్ని నేరుగా వదలకుండా చిల్లుల పారదర్శక పెట్టెలో పెట్టి ట్యాంకులో వేలాడదీయండి. ఆ సీసా ప్రయోగాన్ని మీరు మీ ఇంట్లో చేస్తున్నట్టే. ఫైర్‌ఫిష్ ఎదురుగా వచ్చినప్పుడు డామ్సెల్ గోడకేసి పొడుస్తోందా, రెక్కలు విప్పి పక్కకు తిరిగి నిలబడుతోందా, అసలు పట్టించుకోవడం లేదా, రోజూ ఒకే సమయంలో చూడండి. పొడవడం బాగా తగ్గాకే వదలండి. వదిలిన రోజు తిండి రెండు చివర్లా ఒకేసారి వేయండి.

ఇంకా చేపలు వేస్తే దాడి పంచుకుపోతుందా అన్నది చాలామంది చెప్పే సలహా. ఒకేసారి రెండు మూడు కొత్త చేపలను వేయడం కొంతవరకు పనిచేస్తుంది, నిజమే. కానీ 300 లీటర్లలో ట్యాంకును కిక్కిరిసేలా నింపితే నీళ్ళు పాడవుతాయి, దాడి తగ్గదు, ఒకదాని తర్వాత ఒకటి బలవుతాయి. గ్రీన్ క్రోమిస్‌ను చూసే ఉంటారు. సముద్రంలో కొమ్మ పగడాల మీద మబ్బులా తేలే చేపలు. ట్యాంకులో ఆరు వేస్తే, అన్నిటికంటే బలమైనది బలహీనమైనదాన్ని ఏరుకుని చంపుతూ, చాలాచోట్ల చివరికి ఒకటి రెండే మిగులుతాయి.

ఎల్లో టాంగ్ వద్దనే చెబుతాను. అది 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రోజంతా దిబ్బ పొడవునా మేస్తూ తిరిగే చేప. తోక మొదట్లో రెండు వైపులా కత్తిలాంటి ముల్లు ఉంటుంది. ఇరుకు ట్యాంకులో అది స్థిరపడ్డాక డామ్సెల్ చేస్తున్న పనే ఇంకా పెద్ద ఎత్తున చేస్తుంది. ఎప్పటికైనా దాదాపు రెండు మీటర్ల ట్యాంకు కొంటే, అన్ని చేపలూ స్థిరపడ్డాక చివరగా దాన్ని వేయండి. అప్పుడు కొత్త చేపల మీదికి పోతుంటే బయటి గాజుకు కొన్నాళ్ళు ఒక అద్దం ఆనిస్తే తన ప్రతిబింబంతో తలమునకలవుతుంది. అది తాత్కాలికమే, రోజులో కొన్ని గంటలు మించనివ్వకండి.

ఇన్ని చేసినా డామ్సెల్ తిరిగొచ్చిన మూడు నాలుగు రోజుల్లో ఫైర్‌ఫిష్ మళ్ళీ నీటి పైభాగాన కనిపిస్తే, ఇక ఆశపడవద్దు, డామ్సెల్‌ను ఇచ్చేయాల్సిందే. ఫైర్‌ఫిష్ బెరుకు చేప, డామ్సెల్ మొండి చేప, ఆ రెండూ కుదరని ట్యాంకులు చాలా ఉంటాయి. మీకు డామ్సెల్సే ఇష్టమైతే ఎల్లోటైల్ డామ్సెల్ కొంత నెమ్మది రకం, అదీ చివరగా వేస్తేనే. బ్లూ డామ్సెల్‌ను తీసుకునే పెద్ద ట్యాంకు వాళ్ళను గానీ, కొన్న దుకాణాన్ని గానీ ఇప్పుడే అడిగి ఉంచండి. ఎవరూ దొరకలేదని సముద్రంలో మాత్రం వదలకండి. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల లయన్‌ఫిష్ 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో మొదటిసారి నమోదైంది. ట్యాంకుల నుంచి వదిలిన చేపలే మూలమని నిపుణుల అంచనా. ఈ రోజు కరీబియన్ అంతటా చిన్న చేపలను అది తినేస్తోంది.

ఫైర్‌ఫిష్ తొట్టెలో తినడం మొదలుపెట్టగానే రాళ్ళ ఫొటో ఒకటి ఎదురుగా, ఒకటి పక్క నుంచి తీసి పెట్టండి. గుట్టలను ఎక్కడ విడదీయాలో చూసి చెబుతాను.